‘ఆయన ఎక్కడున్నడక్కా?’: కౌలు రైతు భార్య ఒకామె, ఆమె విశ్వాసం, ఒక కేస్ స్టడీ

‘విశ్వాసం ఉంటే బలం వస్తుంది’ అని స్త్రీల కూడికల్లో మనం చెప్పని వారం ఉండదు. వస్తుంది, నేనూ నమ్ముతాను, చిన్నప్పటి నుంచి నా బతుకంతా చర్చిలోనే గడిచింది. కానీ ఏ దారిన వస్తుంది, దారిలో ఏది అడ్డం పడుతుంది, ఆ అడ్డం కొన్నిసార్లు మన నోటి నుంచే ఎట్లా వస్తుంది, వీటి గురించి మాత్రం కూర్చొని మాట్లాడుకోం. నేను సోషల్ వర్క్ చదువుకుని నల్లగొండ చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. చూసిన కేసుల్లో ఒకదాన్ని మొదటి నుంచి ఇప్పటిదాకా రాస్తే పాస్టరమ్మలకు, స్త్రీల సమాజం నడిపేవాళ్లకు, ఆశా కార్యకర్తలకు పనికొస్తుందనిపించి ఇది రాస్తున్నాను.

రాసింది మొత్తం ఆమెకు చదివి వినిపించాను, సరే అన్నాకే బయటికి వస్తోంది. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. పేరు పెట్టను, చెల్లె అనే రాస్తాను, నేను ఆమెను పిలిచేది కూడా అట్లనే. ఆమె భర్త ఎట్లా చనిపోయాడన్నది ఒక్క మాటకు మించి రాయను, చదివేవాళ్లలో అదే బాధలో ఉన్నవాళ్లు ఉండొచ్చు.

ఇంటి సంగతి

మునుగోడు, మర్రిగూడ వైపు ఊరు. చల్క భూములు (ఎర్ర ఇసుక నేలలు), బోర్ల మీద పత్తి. చెల్లెకు అప్పుడు 34 ఏళ్లు, ఏడో తరగతి దాకా చదివింది, ఇద్దరు పిల్లలు, పెద్దది అమ్మాయి. భర్త కౌలు రైతు. సొంత భూమి లేదు, ఐదెకరాలు కౌలుకు పట్టి పత్తి పెట్టేవాడు. రెండు బోర్లు వేయించాడు, రెండూ ఎండిపోయాయి. ఫర్టిలైజర్ దుకాణంలో ఉద్దెర, బయట మూడు రూపాయల మిత్తికి తెచ్చిన అప్పు, చెల్లె పేరు మీద గ్రూపు లోను, అన్నీ కలిపి నాలుగు లక్షలు దాటాయి. మూడు రూపాయల మిత్తి అంటే నూటికి నెలకు మూడు, ఏడాదికి 36. పత్తికి ఆ లెక్క ఏనాడూ కుదరదు. ఒక ఏడాది పత్తి ఏరే రోజుల్లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు.

మూడు తరాలుగా క్రైస్తవులైన దళిత కుటుంబం వాళ్లది. నల్లగొండలో బాప్టిస్టు మిషన్, దేవరకొండ, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు మెన్నొనైట్ బ్రదరెన్ మిషన్ పనిచేసిన రోజుల్లో మన ఇలాకాలో ‘బైబిలు స్త్రీలు’ ఉండేవాళ్లు, ఊరూరా కాలినడకన తిరిగి ఆడవాళ్ల మధ్య కూర్చొని వాక్యం చెప్పేవాళ్లు, పాటలు నేర్పేవాళ్లు. చెల్లె అమ్మమ్మ అట్లా తిరిగిన మనిషి. పెళ్లయి పిల్లలు పుట్టాక అక్షరాలు నేర్చుకుందట. ఈ అమ్మమ్మ సంగతి మొదట్లో నాకు మామూలు కుటుంబ వివరంలాగే అనిపించి నోట్సులో ఒక మూలన రాసుకున్నాను, అదే తర్వాత చాలా పని చేసింది.

ఆయన పోయాక కాగితాల కష్టాలు మొదలయ్యాయి. రైతు బీమా కింద ఐదు లక్షలు రావాలంటే పట్టాదారు పాస్ పుస్తకం రైతు పేరు మీద ఉండాలి, కౌలు రైతుకు అది ఉండదు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి 2015 నాటి జీవో 194 కింద ఆరు లక్షల సాయం ఉంది, అందులో ఐదు లక్షలు కుటుంబానికి, లక్ష అప్పుల సెటిల్మెంటుకు. దానికి ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ శాఖ ఏడీఏ ఉండే త్రిసభ్య కమిటీ విచారణ చేయాలి. ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు, అప్పుల ఆధారాలు, సాగు చేసినట్టు ఆధారం, అన్నీ అడుగుతారు. ఇక్కడ కౌలు నోటిమాట మీద నడుస్తుంది. భూమి గల ఆసామి, తన పట్టా మీదికి ఏం వస్తుందోనని, ‘నా భూమి ఆయన చేసిండు’ అని రాసివ్వడానికి భయపడ్డాడు. పిల్లలకు ఉన్నది బీసీ-సీ సర్టిఫికెట్, ఎస్సీల్లోంచి క్రైస్తవులైనవాళ్లకు ఇచ్చేది. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా లేదు కాబట్టి ఎస్సీలకు వచ్చేవేవీ వీళ్లకు రావు. వాడలో అందరితోపాటే అంటరానితనం పడ్డారు, కాగితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేరే మనుషులయ్యారు. దీని మీద నాకు చాలా కోపం ఉంది, ఇక్కడ ఇంతకంటే రాయను.

నా దగ్గరికి వచ్చిన తీరు

డిప్రెషన్ అని చెప్పుకొని వచ్చే ఆడవాళ్లు మన ఊళ్లలో దాదాపు ఉండరు. చెల్లె బీపీ చూపించుకోవడానికి వచ్చింది. చర్చి ఆవరణలో పెట్టిన హెల్త్ క్యాంపులో బీపీ మామూలుగానే ఉంది. అయినా తలనొప్పి, నడుము నొప్పి, అరికాళ్ల మంట, కడుపులో మంట అంటూ ఒకదాని తర్వాత ఒకటి చెబుతుంటే ఆశా కార్యకర్తకు అనుమానం వచ్చి నన్ను పిలిచింది. ‘రాత్రి పండుకుంటే పానం గుంజుతది అక్కా, గుండె మీద ఎవరో కూసున్నట్టు ఉంటది’ అంది. భర్త పోయి అప్పటికి ఏడెనిమిది నెలలు. ఆదివారం ఆరాధనకు వస్తోంది, వెనక వరుసలో గోడకు ఆనుకొని కూర్చుంటోంది, పాటకు పెదాలు కదుపుతోంది, చూసేవాళ్లకు బాగానే ఉన్నట్టు. ప్రభువు బల్లలో, అంటే యేసును తలుచుకొని సంఘమంతా కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ఆచారంలో, మాత్రం చేయి వేయడం మానేసింది. సంఘంలో ఇది ఒక్కరు కూడా గమనించలేదు. బల్ల మానేసిన ఆడమనిషిని చూస్తే ఏదో పాపం చేసిందేమో అని మాట్లాడుకుంటాం గానీ, పక్కన కూర్చొని ‘ఏమైందమ్మా’ అని అడిగేవాళ్లు తక్కువ.

డిప్రెషన్ ఎంత ఉందో చూడటానికి పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల పత్రం ఒకటి ఉంటుంది. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, దేని మీదా మనసు పట్టకపోవడం, తన మీద తనకే అసహ్యం లాంటివి ఎన్ని రోజులు ఉన్నాయో అడుగుతాం, ఒక్కో దానికి సున్నా నుంచి మూడు మార్కులు, మొత్తం 27. పది, ఆపైన వస్తే పట్టించుకోవాలి, పదిహేను, ఆపైన వస్తే తీవ్రత ఎక్కువ. చెల్లెకు 19 వచ్చింది. తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దానికి ‘దాదాపు రోజూ’ అంది. ఆ ప్రశ్న అడగడానికి చాలామంది జంకుతారు, అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని. అట్లా పుట్టదు. మెల్లగా, సూటిగా అడిగితే ఎక్కువమందికి ఊపిరి తీసుకున్నట్టు ఉంటుంది, అప్పటిదాకా ఎవరూ అడగలేదు కాబట్టి.

ఆ రోజే చేసినవి: ఆమె తమ్ముడిని పిలిపించి ఇంట్లో, కొట్టంలో మిగిలిన పురుగుమందు డబ్బాలన్నీ తీయించాం. కొన్నాళ్లు రాత్రిళ్లు అమ్మ వచ్చి తోడు పండుకునేట్టు మాట్లాడుకున్నాం. ఆలోచన గట్టిగా వచ్చినప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో మూడు నంబర్లు పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించాం, అందులో ఒకటి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416. ఇది 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు. ఆ వారంలోనే నల్లగొండ ప్రభుత్వ పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకుపోయాం. వాక్యం, ప్రార్థన అన్నీ దీని తర్వాతే, ఈ వరుస మార్చొద్దని ఎవరికైనా చెబుతాను.

అసలు గాయం

అప్పు, ఒంటరితనం, ‘నువ్వు అడుగుపెట్టిన వేళ మంచిది కాదు’ అని అత్త రోజూ అనే మాట, ఇవన్నీ బాధలే. కానీ మాట్లాడే కొద్దీ ఇంకోటి బయటపడింది. ఒకరోజు పిల్లల ఫీజుల గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి అడిగింది:

‘ఆయన ఎక్కడున్నడక్కా?’

నేను వెంటనే జవాబు చెప్పలేదు. ‘ఎవరేమన్నరు చెల్లె?’ అని అడిగాను. సమాధి దగ్గరే ఒక పెద్దమనిషి అన్నాడట, ఇట్లా పోయినోళ్లకు పరలోకం లేదు, ఇక ప్రార్థన చేసి లాభం లేదు అని. చర్చి సమాధుల తోటలో చోటు ఇవ్వలేదు, ఊరి చివర చెరువు కట్ట కింద పెట్టారు. పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చడానికి సంఘం పెట్టే ఆదరణ కూడిక కూడా జరగలేదు. ఏడెనిమిది నెలలుగా ఆ మాటను ఎవరికీ చెప్పకుండా లోపలే మోసింది. తర్వాత అన్న మాటలు నేను ఆమె అన్నట్టే రాసుకున్నాను: ‘నేను విశ్వాసంగ ఉండి పరలోకం పోతే ఆడ ఆయన ఉండడు. ఆయన ఉన్న కాడికి పోదామంటే పిల్లలున్నరు. నేనేడికి పోవాలె?’

ఈ మాట వింటే తెలుస్తుంది, ఆమె చావు ఆలోచన, విశ్వాసం రెండూ ఒకే ముడిలో పడ్డాయి. ‘ధైర్యంగా ఉండు, దేవుడున్నాడు’ అంటే ఆ ముడి ఇంకా బిగుస్తుంది, ఎందుకంటే ఆమె భయమే ఆ దేవుడి గురించి. కెన్నెత్ పార్గమెంట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త కష్టంలో మనుషులు మతాన్ని ఎట్లా వాడుకుంటారో చూసి రెండు రకాలు గుర్తించాడు. దేవుడు నాతో ఉన్నాడు, ఆయనతో కలిసి దీన్ని దాటుతాను అనుకునేది ఒకటి. దేవుడు నన్ను శిక్షిస్తున్నాడు, విడిచిపెట్టాడు, నా సంఘం కూడా విడిచిపెట్టింది అనుకునేది రెండోది. మొదటిది మనిషిని నిలబెడుతుంది, రెండోది డిప్రెషన్‌ను పెంచుతుంది. ఆయన ప్రశ్నావళిలో ఒక్కో రకానికి ఏడేసి, మొత్తం 14 ప్రశ్నలు. నేను దాన్ని పత్రంలా ఇవ్వకుండా మాటల్లో కలిపి అడిగాను. దేవుడు శిక్షించాడా? అవును. విడిచిపెట్టాడా? అవును. సంఘం విడిచిపెట్టిందా? ఆమె కొద్దిసేపు నా మొహం చూసి, ‘నువ్వు సంఘపోళ్ల మనిషివే గదక్కా’ అంది. జవాబు అందులోనే ఉంది.

ఒక్క సంగతి మాత్రం నాకు ధైర్యం ఇచ్చింది. దేవుడు లేడని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. కోపం ఉంది, భయం ఉంది, వాటి వెనక పోట్లాడటానికి ఆమెకు ఇంకా ఎదురుగా ఒకడున్నాడు.

మాత్రలు

డాక్టరు ఎస్సిటలోప్రామ్ అనే డిప్రెషన్ మాత్ర రాశారు. పని మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదట్లో కడుపులో తిప్పినట్టు ఉండొచ్చు, మంచిగైందని మధ్యలో ఆపొద్దు అని అన్నీ ముందే చెప్పారు. మేము భయపడింది జరిగింది. పది రోజుల తర్వాత ఉపవాస కూడికలో ఒక సిస్టర్ ఆమె సంచిలో మాత్రలు చూసి, ‘విశ్వాసం ఉన్నోళ్లకు ఇవెందుకమ్మా, పారెయ్, నేను ప్రార్థన చేస్త’ అంది. ఆ సిస్టర్ చెడ్డమనిషి కాదు, నిజంగానే రాత్రంతా మోకరించి ప్రార్థన చేసే మనిషి. అందుకే ఆ మాటకు అంత బలం. చెల్లె రెండు రోజులు మాత్ర వేసుకోలేదు.

నేను ఆ సిస్టర్ ఇంటికే పోయాను. వాదించలేదు. పౌలుకు ప్రియుడైన లూకా వైద్యుడే కదా అన్నాను, తిమోతి కడుపు జబ్బుకు పౌలు మందు చెప్పాడే గానీ విశ్వాసం తక్కువైందని అనలేదు కదా అన్నాను. మన ఇలాకాలో సువార్త వచ్చిందే దవాఖానాతో కలిసి. 1907లో వచ్చి 1945లో ఇక్కడే, శంషాబాద్‌లో చనిపోయిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ డాక్టర్ కథరీనా షెల్లెన్‌బర్గ్ మందుల పెట్టె పట్టుకొని ఆడవాళ్లకు, పిల్లలకు వైద్యం చేసిన మనిషి. జడ్చర్లలో మెన్నొనైట్ బ్రదరెన్ ఆసుపత్రి కట్టిందీ విశ్వాసులే. సిస్టర్ చాలాసేపు విని, చివరికి తానే ఒక పని ఒప్పుకుంది. రోజూ రాత్రి చెల్లెకు ఫోన్ చేసి ముందు ‘మాత్ర వేసుకున్నవా’ అని అడుగుతుంది, తర్వాత ప్రార్థన చేస్తుంది. చాలా నెలలు మానకుండా చేసింది. నేను పదిసార్లు చెప్పినా రాని క్రమం ఆ ఒక్క ఫోనుతో వచ్చింది.

తిట్టే ప్రార్థన

పాటకు పెదాలు కదపడం తప్ప చెల్లె ప్రార్థన కూడా మానేసింది. ఎందుకు అంటే ‘ఏం చెప్పాలె, వందనాలు స్తోత్రాలు అనాలె, నాకు నోట్లకెళ్లి వస్తలేదు’ అంది. మన కూడికల్లో సాక్ష్యం అంటే ముగింపు మంచిగా ఉండాలి, కష్టం వచ్చింది, ప్రార్థించాం, దేవుడు విడిపించాడు, స్తోత్రం. ముగింపు ఇంకా రాని మనిషికి అక్కడ నిలబడటానికి చోటు లేదు.

88వ కీర్తన చదివి వినిపించాను. ఏడుపుతో మొదలయ్యే కీర్తనల్లో చాలావరకు చివర ఎక్కడో స్తుతి వైపు తిరుగుతాయి, ఇది తిరగదు, చీకటి మాటతోనే ఆగిపోతుంది. విని, ‘దేవునితోని ఇట్ల మాట్లాడొచ్చా?’ అని అడిగింది. మాట్లాడొచ్చో లేదో నేను చెప్పను, ఇది బైబిల్లోనే ఉంది, తీసేయలేదు అన్నాను. ఆమెకు రాయడం నెమ్మది, అందుకని ఫోన్లో రికార్డు చేసుకోమన్నాను. పత్తి చేనుకు పోయే దారిలో ఎవరూ లేనిచోట ఫోను నోటి దగ్గర పెట్టుకొని మాట్లాడేది. కొన్ని నాకు వినిపించింది. మొదటివాటిలో తిట్లు తప్ప ఏమీ లేవు: బోరుల నీళ్లు ఎందుకియ్యలే, వాన ఎందుకియ్యలే, ఆయన తలుపేసుకున్న రాత్రి నన్నెందుకు లేపలే. నేను ఏమీ దిద్దలేదు. కొన్ని వారాల తర్వాత రికార్డుల్లో తిట్ల మధ్య అడగడం మొదలైంది. అమ్మాయికి జ్వరం తగ్గాలె, అప్పుల ఆయన ఈ నెల రాకుండ చూడు. ఆ తర్వాత ఒకరోజు అమ్మమ్మ పాడే పాత కీర్తన ఒకటి పూర్తిగా పాడి ఉంది. ఆమె గొంతు అంత బాగుంటుందని నాకు అప్పుడే తెలిసింది.

ఏలీయా సంగతి కూడా ఆ రోజుల్లోనే చదువుకున్నాం. చెట్టు కింద కూలబడి నా ప్రాణం తీసుకో అన్న ప్రవక్తను దేవుడు గద్దించలేదు. పండుకోనిచ్చాడు, లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు, మళ్లీ పండుకోనిచ్చాడు. చెల్లె అన్నది: ‘ఆయనకు గూడ చావాలనిపించింది, మరి ఆయనను ఎవరు ఎళ్లగొట్టలే.’ అప్పటిదాకా చావు ఆలోచన రావడమే తన పాపమని ఆమె అనుకుంటోంది. ఆ రోజు ఆ భారం కొంత దిగింది.

పాస్టరు గారు

‘ఆయన ఎక్కడున్నడు’ అన్న ప్రశ్నకు కౌన్సెలర్ జవాబు చెబితే సరిపోదు, సంఘం పేరు మీద తగిలిన గాయానికి సంఘమే రావాలి. అదృష్టం కొద్దీ ఆ ఊరికి అప్పుడే కొత్త పాస్టరు గారు వచ్చారు, చిన్నవయసు, సెమినరీలో చదివిన మనిషి. చెల్లె అనుమతి తీసుకుని ఆయనతో మాట్లాడాను. ఆయన వెంటనే ఏ మాటా ఇవ్వలేదు, చదువుకొని చెబుతానన్నారు. తర్వాత సౌలు రాజు సంగతి తీశారు.

నాకు తెలిసిన కథే, ఈ కోణంలో ఎప్పుడూ చూడలేదు. సౌలు యుద్ధంలో తన కత్తి మీద తానే పడి చనిపోయాడు. శత్రువులు శవాన్ని గోడకు వేలాడదీస్తే, యాబేష్గిలాదు వాళ్లు రాత్రంతా నడిచిపోయి దించి తెచ్చారు, ఎముకలను చెట్టు కింద పాతిపెట్టి ఏడు రోజులు ఉపవాసం ఉన్నారు. సౌలు చేతుల్లో అన్ని కష్టాలు పడ్డ దావీదు ఆయన కోసం ఏడ్చి శోకగీతం కట్టాడు. ‘ఎట్లా చనిపోయాడని ఎవరూ అక్కడ విచారణ పెట్టలేదు, మొదట శవాన్ని గౌరవంగా దించారు, మనం ఆ పని చేయలేదమ్మా’ అన్నారు పాస్టరు గారు. పరలోకం సంగతి తీర్పు తీర్చేవాడికి వదిలేద్దాం, మరణమైనా జీవమైనా దేవుని ప్రేమ నుంచి మనల్ని ఎడబాపలేదని రోమా పత్రికలో చదువుతున్నాం, ఆ మాట ఈ ఇంటికి వర్తించదని చెప్పే అధికారం మనలో ఎవరికీ లేదు అన్నారు.

సంఘ పెద్దల్లో ఒప్పుకోనివాళ్లు ఉన్నారు. ఇట్లా చేస్తే ఆత్మహత్య తప్పు కాదని పిల్లలు అనుకోరా అని ఒకరు అడిగారు. ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. పాస్టరు గారు కూడికలో రెండూ చెప్పారు: ప్రాణం దేవునిది, కష్టంలో ఉన్నవాళ్లు దయచేసి ఎవరికైనా చెప్పండి, నా తలుపు అర్ధరాత్రి కొట్టినా తెరుస్తాను, పోయిన మనిషి మన సహోదరుడు, ఆయన కోసం ఏడుద్దాం. ఏడాది తిరిగే రోజున, అంతకుముందు జరగని ఆదరణ కూడిక జరిగింది. చెరువు కట్ట కింద సమాధి దగ్గరికి సంఘం నడిచిపోయి పాట పాడింది. అత్త కూడా వచ్చింది. మరుసటి నెల చెల్లె బల్లలో చేయి వేసింది. పీహెచ్‌క్యూ అప్పటికి పదకొండుకు దిగి ఉంది. మాత్రల వల్లనా, ప్రార్థన వల్లనా, కూడిక వల్లనా అంటే నేను విడదీయలేను, విడదీయాల్సిన అవసరం కూడా లేదు.

గిన్నెలు తోముడు, కాగితాలు

బాధ తగ్గడం వేరు, పొద్దున లేవడానికి ఒక కారణం దొరకడం వేరు. మాత్రలతో, మాటలతో ఆమెకు ఏడుపు తగ్గింది, నిద్ర వచ్చింది, పత్తి ఏరడానికి పోతోంది, వస్తోంది. అయినా ఏదో ఖాళీ. ‘పిల్లల కోసం బతుకుతున్న’ అనేది, ఆ మాటలో ఆమె లేదు.

పక్క ఊళ్లో ఒక చిన్నవయసు అతను రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. స్త్రీల సమాజం ఆదరణకు పోతోంది. డాక్టరుతో మాట్లాడి, ఇప్పుడు ఫరవాలేదన్నాక, నువ్వూ రా అని చెల్లెను అడిగాను. తొందరపడి అడిగితే పచ్చి గాయాన్ని మళ్లీ గీకినట్టే అవుతుంది, అందుకే డాక్టరు మాట కోసం ఆగాను. ‘నేనేం చెప్త అక్కా, నాకు వాక్యం రాదు’ అంది. చెప్పడానికి చాలామంది ఉన్నారు, నువ్వు గిన్నెలు తోము అన్నాను. వచ్చింది, బయట కుళాయి దగ్గర కూర్చొని చావింటి గిన్నెలన్నీ తోమింది. లోపల ఒకరి తర్వాత ఒకరు వాక్యాలు చెబుతున్నారు. ఆ ఇంటి అమ్మాయి కాసేపటికి లేచి బయటికి వచ్చి చెల్లె పక్కన కూర్చుంది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు. పోయేముందు చెల్లె ఆ అమ్మాయి అన్నను పక్కకు పిలిచి, ‘మరణ ధృవీకరణ పత్రం పెట్టిన్రా? 21 రోజుల్ల నమోదు చేపియ్యి, ఫీజు ఉండదు. ఎఫ్ఐఆర్ నకలు అడిగి తీసుకో. ఆధారు, రేషన్ కార్డు జిరాక్సులు ఐదారు తీపిచ్చుకో’ అని వరుసగా చెప్పింది. ఏడాదిపాటు ఆఫీసుల చుట్టూ తిరిగి నేర్చుకున్నదంతా.

అక్కడి నుంచి మొదలైంది. భర్త పోయిన ఇల్లు ఏదున్నా, చుట్టుపక్కల ఐదారు ఊళ్లలో, ఇప్పుడు చెల్లెకు ఫోన్ వస్తుంది. చర్చి వాళ్లే అని లేదు, హిందువుల ఇళ్లు, ఒకట్రెండు ముస్లింల ఇళ్లు కూడా. ఆమె చేసేది పెద్దగా ఏమీ ఉన్నట్టు కనబడదు. పోతుంది, గిన్నెలు తోముతుంది, పిల్లలకు అన్నం పెడుతుంది, ఆ ఆడమనిషి మాట్లాడితే వింటుంది, పదో రోజు దాటాక, చుట్టాలందరూ వెళ్లిపోయాక, మళ్లీ పోతుంది. అప్పుడు సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఒంటరి మహిళల, వితంతువుల పింఛన్లకు ఏ కాగితాలు కావాలో చెబుతుంది. అడిగితేనే ప్రార్థన చేస్తుంది, అడగకపోతే లేదు. ‘నాకు అప్పుడు ఎవరన్న వచ్చి వాక్యం చెప్తే ఎల్లగొట్టేదాన్నక్కా, అన్నం పెడితే తినేదాన్ని’ అంటుంది.

అపొస్తలుల కార్యాల్లో యొప్పేలో తబితా అని ఒకామె ఉంటుంది, దొర్కా అని కూడా అంటారు. ఆమె చనిపోతే విధవరాళ్లందరూ ఏడుస్తూ ఆమె కుట్టిచ్చిన బట్టలు పేతురుకు చూపిస్తారు. ఆమె ప్రసంగం ఒక్కటి కూడా బైబిల్లో లేదు, కుట్టిన బట్టలున్నాయి. చెల్లెకు ఇది చదివి వినిపించినప్పుడు, ‘మా అమ్మమ్మ గూడ గిట్లనే తిరిగేది, ప్రసవాలకు పోయేది, చావులకు పోయేది, మాకు నచ్చకపోయేది, ఇంట్ల ఉండదని’ అంది. తాను చేస్తున్నది అమ్మమ్మ పనే అని ఆ రోజు ఆమెకు తట్టింది. నేను నోట్సులో ఒక మూలన రాసుకున్న సంగతి ఆమే పైకి తీసుకొచ్చి మధ్యలో పెట్టింది.

నాకు ఈ కేసులో అన్నిటికంటే పెద్దదిగా అనిపించేది ఇదే. మన సంఘాల్లో కష్టపడ్డ ఆడవాళ్లను ఓదార్చవలసిన వాళ్లుగానే ఏళ్ల తరబడి కూర్చోబెడతాం. వాళ్ల దగ్గర సంఘానికి కావలసింది ఏదో ఉందని అడగం. చెల్లెకు వంద వాక్యాలు ఇవ్వని బలం, ‘నువ్వు రావాలె, నువ్వు వస్తే ఆ అమ్మాయి తింటది’ అన్న ఒక్క మాట ఇచ్చింది. విశ్వాసం లేకపోయినా ఆ పని చేసేదా అని ఆమెనే అడిగాను. కొంచెంసేపు ఆలోచించి, ‘చేస్తనేమో. కని రెండో ఇంటికి పోయేదాన్ని కాదు, భయమయ్యేది. ఇప్పుడు పోయే ముందు తొవ్వల రికార్డు పెట్టుకొని దేవునితోని మాట్లాడుకుంట పోత’ అంది.

ఇప్పటి పరిస్థితి

మాత్రలు డాక్టరు మెల్లగా తగ్గిస్తూ ఆపించారు. చివరిసారి చూసినప్పుడు పీహెచ్‌క్యూ ఐదు, తొమ్మిదో ప్రశ్నకు సున్నా. స్కూల్లో మధ్యాహ్న భోజనం వండే పని దొరికింది, సీజన్లో పత్తికి పోతుంది. వితంతు పింఛను 2,016 రూపాయలు చాలా నెలలు తిప్పి తిప్పి చివరికి వచ్చింది. జీవో 194 దరఖాస్తు మాత్రం సాగు ఆధారం దగ్గరే ఆగి ఉంది. అప్పుల్లో గ్రూపు లోను కట్టేసింది. బయటి అప్పు వాళ్లతో పాస్టరు గారు, ఊరి పెద్దలు కూర్చొని మిత్తి ఆపించి అసలు మాత్రం విడతలుగా కట్టేట్టు ఒప్పించారు. పత్తి ఏరే నెలలు వస్తే ఇప్పటికీ నిద్ర చెడుతుంది. అది మా ఇద్దరికీ తెలుసు కాబట్టి దసరా దాటగానే మళ్లీ కలుసుకోవడం మొదలుపెడతాం.

అత్త మారిందని చెప్పలేను. ఆ మాట అనడం తగ్గించింది, చెల్లె వేరే ఊరికి పోయిన రోజు పిల్లలకు వండిపెడుతుంది.

కొడుకు చర్చికి రావడం లేదు. వాడికి ఇప్పుడు పదమూడేళ్లు, నాన్నను ఊరి చివర పెట్టినవాళ్ల దగ్గరికి నేనెందుకు రావాలె అంటాడు. చెల్లె బలవంతపెట్టడం లేదు, సిస్టర్లు కొందరు పెట్టమంటున్నా. మొన్న వాడు స్కూల్లో ఒకడితో కొట్లాడాడు, ఆ పిల్లవాడు నాన్న గురించి ఏదో అన్నాడట. స్కూల్లో వాడికి నచ్చే లెక్కల సార్ ఉన్నారు, ఆయనతో మాట్లాడాను, వారానికి ఒకసారి వాడిని తన దగ్గర కూర్చోబెట్టుకుంటానన్నారు. సమాధుల తోటలో చోటు గురించి పెద్దలతో మళ్లీ మాట్లాడతానని పాస్టరు గారు వాడికే నేరుగా చెప్పారు, వచ్చే నెల సంఘ కమిటీలో అది పెట్టబోతున్నారు.